సిపాయి నుంచి సుబేదారుదాకా: ఒక పాత ప్రతి అడిగిన ప్రశ్న

బెంగళూరు అవెన్యూ రోడ్డులో ఒక పాత పుస్తకాల అంగడిలో ‘ఫ్రమ్ సిపాయ్ టు సుబేదార్’ అనే ఇంగ్లీషు గ్రంథం మాకు దొరికింది. సుబేదారు సీతారాం పాండే ఆత్మకథగా పేరుపొందిన ఈ పుస్తకానికి జేమ్స్ లంట్ సంపాదకుడుగా 1970లో వెలువడిన ముద్రణ అది. పేరున్న పుట చినిగిపోయింది గాని, పాత యజమాని తెలుగువారేనని అంచుల్లోని పెన్సిలు రాతలు చెబుతున్నాయి. చివరి ఖాళీ పుటలో ‘ఇది ఎవరి మాట?’ అని రాసి ఉంది. ఆ ప్రశ్ననే ఇక్కడ పరిశీలిద్దాం.

సీతారాం అవధ్ ప్రాంతపు బ్రాహ్మణుడు. సైన్యంలో జమేదారుగా ఉన్న మేనమామ సెలవుపై ఊరికి వచ్చినప్పుడు ఆయన మెడలోని బంగారు పూసల దండ చూసి, తానూ సిపాయి కావాలని ముచ్చటపడ్డాడట. 1812లో కంపెనీ వారి బెంగాల్ సైన్యంలో చేరి 1860లో పింఛను పుచ్చుకున్నాడు. గూర్ఖా యుద్ధం, పిండారీల వేట, భరత్‌పూర్ ముట్టడి, ఆఫ్ఘన్, సిక్కు యుద్ధాలు, 1857 తిరుగుబాటు అన్నీ ఈ కథలో వస్తాయి. కాబూల్లో బానిసగా అమ్ముడుపోయి, తప్పించుకుని తిరిగివస్తే కులం పోయిందన్నారు. ప్రాయశ్చిత్తానికి సొమ్ము పోయవలసి వచ్చింది. అన్నిటికన్న దారుణమైనది తిరుగుబాటు నాటి ఘట్టం. లక్నో దగ్గర పట్టుబడిన సిపాయిలను కాల్చే దళానికి సీతారామే నాయకుడు. ఆ ఖైదీలలో అతని కొడుకున్నాడు. తనను ఆ పని నుంచి తప్పించమని మేజరును వేడుకున్నాడు. దొర ఒప్పుకున్నాడు. కాల్పులు మాత్రం ఆగలేదు. తండ్రికి దక్కింది కొడుకు అంత్యక్రియలు చేసుకునే అనుమతి ఒక్కటే.

ఇంత కథ ఏ భాషలో రాశాడు? తనతో పనిచేసిన నార్గేట్ అనే అధికారి కోరికపై రాసినట్టు, 1861లో ఆ రాతప్రతి ఆయనకు అందినట్టు గ్రంథం చెబుతుంది. నార్గేట్ ఇంగ్లీషు అనువాదం 1873లో లాహోరులో పుస్తకంగా వచ్చింది. మూలప్రతి ఈనాటికీ బయటపడలేదు. తరువాత 1910 ప్రాంతంలో ఫిలట్ అనే అధికారి పూనికతో ఉర్దూ పాఠం తయారై, భాషాపరీక్షకు కూర్చునే దొరలకు పాఠ్యగ్రంథమయింది. ఆ ఉర్దూ కూడా ఇంగ్లీషు నుంచి చేసినదే. మన కాలంలో మధుకర్ ఉపాధ్యాయ దీనిని అవధీలోకి తెచ్చారు. అంటే ఒక సిపాయి మాట తన ఇంటి భాషకు చేరాలన్నా ఇంగ్లీషు మీదుగానే రావలసి వచ్చింది.

సీతారాం చెప్పిన పటాలాలకూ తేదీలకూ పొంతన కుదరడం లేదని కొందరు చరిత్రకారులు గ్రంథాన్నే శంకించారు. లంట్ మాత్రం నమ్మారు. భాష చదువుకున్నవారుగా మా అభిప్రాయం ఇది. కులం పోవడం, ప్రాయశ్చిత్తానికయ్యే ఖర్చు, సింధు నది దాటడానికి సిపాయిల జంకు వంటివి లోపలి మనిషి చెప్పవలసిన సంగతులే. కాని దొరలతో మాట్లాడే పద్ధతి, వారిపై మెప్పు, నిష్ఠురం ఏ పాళ్లలో సీతారాంవో, ఏ పాళ్లలో నార్గేట్‌వో తేల్చడానికి మన చేతిలో మూలవాక్యం ఒక్కటీ లేదు. ముసలి సిపాయి తన మాట ఇచ్చాడు; పుచ్చుకున్నవారు అర్థాన్ని ఉంచుకుని మాటను పోగొట్టారు.

ఇందులో మనకు సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. ఒక మాట చూడండి. 1857లో ఢిల్లీ ప్రజలు తిరగబడిన సిపాయిలను ‘తిలంగే’ అన్నారు. వారిలో అధికులు సీతారాం వంటి అవధ్, బీహారు ప్రాంతాలవారే. క్లైవు 1756 చివర మద్రాసు నుంచి బెంగాలుకు సిపాయిలను తీసుకుపోయాడు. దక్షిణాది నుంచి వచ్చిన ఆ సిపాయిలకు అక్కడి జనం పెట్టిన పేరు, క్రమంగా కంపెనీ దుస్తులు తొడిగిన ప్రతివాడికీ అంటుకుంది. ఒరిస్సాలో నేటికీ తెలుగువాడిని సూచించే ఈ మాట, గంగాతీరంలో సిపాయి అని అర్థమిచ్చింది. జాతి పేరు వృత్తి పేరయింది.

ఈ సంచిక చదివేవారిలో బెంగళూరు దండులోనో, బళ్లారిలోనో, నాగపూరు దగ్గరి కాంప్టీలోనో తాతలనాడు స్థిరపడ్డ కుటుంబాలవారు ఉండవచ్చు. ఈ మూడూ మద్రాసు సైన్యం విడిది చేసిన ఊళ్లే. మీ ఇంటి పెట్టెలో పింఛను కాగితమో, జాబుల కట్టో ఉంటే చెదలకు వదలకండి. అంతకన్న ముఖ్యం, ఇంట్లో సైన్యం నుంచి వచ్చిన పెద్దలుంటే వారిచేత చెప్పించండి. చెప్పినది చెప్పినట్టే రాయండి. కన్నడం కలిసినా, ఉర్దూ కలిసినా, క్రియ మన పాఠ్యపుస్తకంలో లేని రూపంలో ఉన్నా దిద్దవద్దు. అడిగినవారెవరో, ఏ ఊళ్లో, ఏ రోజున అడిగారో కూడా కింద రాయండి. నార్గేట్ ఆ కాగితాలు దాచి ఉంటే మా ప్రతి చివర ఆ ప్రశ్న ఉండేది కాదు. మన పెద్దల కథలు చదివి రేపెవరూ ఆ ప్రశ్న వేయకూడదు.