నలభయ్యో ఏట మొదలైన లూసీ

1951 ఆగస్టు 6న లూసిల్ బాల్‌కు నలభై ఏళ్లు నిండాయి. అంతకు మూడు వారాల కిందటే తొలి బిడ్డను కన్నది. హాలీవుడ్‌కు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. డజన్ల కొద్దీ సినిమాల్లో కనిపించింది. ఆమె ముఖం తెలియని ప్రేక్షకుడు అమెరికాలో తక్కువే. కానీ ఆమె పేరు చూసి టికెట్టు కొనేవాళ్లు కూడా తక్కువే. ఆ వయసు వచ్చిన కథానాయికలకు స్టూడియోలు అక్క వేషమో తల్లి వేషమో చూపించి, అదీ లేకపోతే ఇంటికి పంపించే కాలం అది. సరిగ్గా అప్పుడు ఆమె టెలివిజన్ వైపు నడిచింది.

సినిమాలు తగ్గాయి కాబట్టే సీరియల్‌కు వచ్చిందని అనుకోవడం మనకూ అలవాటే. ఆనాటి హాలీవుడ్‌లో ఆ చిన్నచూపు ఇంకా ఎక్కువ. ఇంట్లో కూర్చోబెట్టి ఊరికే బొమ్మ చూపించే ఆ పెట్టె తమ థియేటర్లను ఖాళీ చేస్తోందని పెద్ద స్టూడియోలు మండిపడేవి. తమతో ఒప్పందంలో ఉన్న తారలను అటు పోనిచ్చేవి కావు. మన దేశంలో టెలివిజన్ ప్రసారాలు మొదలవడానికి అప్పటికింకా ఎనిమిదేళ్లు ఉంది. మద్రాసులో విజయా వారి ‘పాతాళభైరవి’ విడుదలైన ఏడాది అది.

ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో. తండ్రి టెలిఫోన్ లైన్‌మన్. ఆమెకు నాలుగేళ్లు నిండకముందే టైఫాయిడ్‌తో పోయాడు. తల్లి అప్పటికి గర్భవతి. పిల్లలు ఎక్కువగా తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెరిగారు. నాటకాలంటే ఇష్టం చూపిన తాతయ్యే తరువాత తనకు తెలియకుండానే ఆమెకు పెద్ద ఆపద కూడా తెచ్చిపెట్టాడు. ఆ సంగతి తరువాత.

పదిహేనేళ్ల వయసులో ఆమె న్యూయార్క్‌లోని జాన్ మర్రే ఆండర్సన్ నాటక పాఠశాలలో చేరింది. అక్కడ అందరి కళ్లూ బెటీ డేవిస్ మీదే. ఈ అమ్మాయికి మరీ బిడియం, డబ్బు దండగ అని పాఠశాలవారు తల్లికి చెప్పి పంపించేశారు. ఆ తరువాత హ్యాటీ కార్నెగీ దుస్తుల దుకాణంలో మోడల్‌గా పనిచేసింది. మధ్యలో కీళ్ల జబ్బు వచ్చి చాలాకాలం మంచాన పడింది. 1933లో ఎడ్డీ కాంటర్ నటించిన ‘రోమన్ స్కాండల్స్’ కోసం నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ తీసుకున్న నృత్య బృందంలో చోటు దొరికింది. అలా కాలిఫోర్నియా చేరింది.

ఆ తరువాతి ఏళ్లను జీవితచరిత్రలు సాధారణంగా రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. ఆర్.కె.ఓ. స్టూడియోలో వారానికి 50 డాలర్ల జీతానికి చేరింది. ఫ్రెడ్ ఆస్టేర్, జింజర్ రోజర్స్ నాట్యాలతో ఊగిపోయిన ‘టాప్ హ్యాట్’లో పూల దుకాణంలో గుమాస్తాగా కాసేపు కనిపిస్తుంది. జింజర్ తల్లి లీలా రోజర్స్ స్టూడియోలోని కుర్ర నటులకు పాఠాలు చెప్పేది. లూసిల్ ఆ తరగతులను శ్రద్ధగా పట్టుకుంది. మిగతావాళ్లు పరువు తక్కువ అనుకునే పనులకు ముందుకొచ్చేది. ముఖానికి మట్టి పూసుకోమన్నా, నీళ్లలో పడమన్నా సరేననేది. 1937లో ‘స్టేజ్ డోర్’లో కేథరిన్ హెప్‌బర్న్, జింజర్ రోజర్స్‌ల పక్కన మంచి వేషమే పడింది. అయినా పెద్ద బడ్జెట్ చిత్రాలు ఆమె దాకా రాలేదు. రెండో తరగతి సినిమాలకు మహారాణి అన్న పేరు మాత్రం వచ్చింది.

1940ల్లో ఎం.జి.ఎం.కు మారింది. అక్కడి కేశాలంకరణ నిపుణుడు సిడ్నీ గిలరాఫ్ ఆమె జుట్టును మండే నారింజ ఎరుపుకు మార్చాడు. ఆ రంగు ప్రపంచమంతా గుర్తుపట్టింది, నిజమే. అంతకన్నా విలువైనది అదే స్టూడియోలో ఓ మూల గదిలో దొరికింది. మూకీల నాటి మహానటుడు బస్టర్ కీటన్ అప్పటికి వైభవమంతా పోయి, ఇతరుల సినిమాలకు హాస్య సన్నివేశాలు సమకూర్చే జీతగాడిగా ఉన్నాడు. కుర్చీ, టోపీ, నిచ్చెన లాంటి వస్తువులతో నవ్వించాలంటే ముందు వాటిని ఎంత బాగా తెలుసుకోవాలో, ఎన్నిసార్లు సాధన చేయాలో ఆయన ఆమెకు నేర్పాడు. స్టూడియో పక్కన పడేసిన గురువు, స్టూడియోకు ఏం చేయాలో తోచని శిష్యురాలు.

1940లో ‘టూ మెనీ గర్ల్స్’ చిత్రీకరణలో పరిచయమైన డెసి ఆర్నాజ్‌ను ఆమె ఆ ఏడాదే పెళ్లాడింది. డెసిది క్యూబా. శాంటియాగో నగర మేయరు కొడుకు. 1933 విప్లవంలో సర్వం పోగొట్టుకుని మయామీ చేరి, వాయిద్య బృందం నడిపి పైకొచ్చినవాడు. బృందంతో అతడు ఊరూరా తిరుగుతుంటే, ఆమె హాలీవుడ్‌లో ఉండిపోయేది. కాపురం ఫోను మీదా ఉత్తరాల మీదా నడిచింది.

1948లో సి.బి.ఎస్. రేడియోలో ‘మై ఫేవరిట్ హజ్బెండ్’ అనే హాస్యధారావాహికలో భార్య పాత్ర దొరికింది. జనానికి నచ్చింది. దాన్ని టెలివిజన్‌కు తెద్దామని సంస్థవారు అడిగితే, భర్త పాత్ర డెసికి ఇస్తేనే చేస్తానంది. యాస ఉన్న క్యూబావాడు అమెరికా అమ్మాయి మొగుడంటే జనం ఒప్పుకోరని వాళ్ల భయం. మొగుడూ పెళ్లాలిద్దరూ 1950 వేసవిలో ఓ ప్రదర్శన తయారుచేసుకుని ఊళ్లు తిరిగారు. హాళ్లలో జనం పగలబడి నవ్వారు. సంస్థ దిగొచ్చింది.

తరువాత జరిగిన బేరమే ఈ కథకు గుండెకాయ. అప్పట్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారంగా వెళ్లేవి. పశ్చిమ తీరానికి మిగిలేది నకలే. వెలుగుతున్న టీవీ తెర ఎదుట ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన మసక బొమ్మ అది. వీడియో టేపు వాడకంలోకి రావడానికి ఇంకా ఐదేళ్లు ఉంది. స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ల కంపెనీ. తమ సరుకు కొనేవాళ్లలో ఎక్కువమంది తూర్పున ఉంటారు కాబట్టి న్యూయార్క్‌కు రావాల్సిందేనని వాళ్లు పట్టుబట్టారు. హాలీవుడ్‌లో ఇల్లు, రాబోయే బిడ్డ, ఎన్నాళ్లకో ఒకచోట దొరికిన కాపురం. వీటిని వదలడానికి ఈ ఇద్దరూ ఒప్పుకోలేదు. సినిమాలకు వాడే 35 ఎం.ఎం. ఫిల్మ్ మీదే తీస్తామన్నారు. అప్పుడు దేశమంతటికీ ఒకే నాణ్యత గల బొమ్మ అందుతుంది. ఖర్చు పెరుగుతుందని అవతలివాళ్లు గొణిగితే, మా జీతాలు తగ్గించుకుంటాం, తీసిన ఫిల్మ్ మీద హక్కు మాత్రం మా కంపెనీదే అని డెసి అడిగాడు. ఒకసారి చూపించేసిన కార్యక్రమం రెండోసారి ఎవరికి కావాలి? సి.బి.ఎస్. తేలిగ్గా ఒప్పుకుంది.

దంపతుల పేర్లు కలిపి పెట్టుకున్న ఆ కంపెనీయే డెసిలూ. నటి జీతం దగ్గర ఆగిపోకుండా తాను చేసినదాని మీద హక్కు పెట్టుకోవడం ఎంత పెద్ద మాటో మనకూ తెలియంది కాదు. రాధిక తన సొంత సంస్థ రాడాన్‌లో తీసిన ‘చిత్తి’ని మన ఇళ్లలో ‘పిన్ని’గా చూశాం కదా.

ఫిల్మ్ మీద తీస్తే నాటకశాల ఊపు పోతుందన్న భయం మిగిలింది. లూసిల్‌కు ఎదుట మనుషులు నవ్వాలి. అందుకే స్టూడియోలోనే మూడొందల మంది కూర్చునేలా వరుసలు కట్టించారు. మూడు కెమెరాలు ఒకేసారి తిరిగాయి. ఈ పద్ధతి పూర్తిగా వాళ్ల సృష్టి కాదు. కానీ నాటకంలా మొదటి నుంచి చివరి దాకా ఆడే హాస్యకథకు దాన్ని అమర్చి స్థిరపరచింది వాళ్లే. మూడు దిక్కుల నుంచి తీస్తే వెలుతురు ఎలా సరిపోతుందన్న చిక్కును కార్ల్ ఫ్రాయిండ్ విప్పాడు. జర్మనీలో ‘మెట్రోపొలిస్’ తీసిన ఛాయాగ్రాహకుడాయన, హాలీవుడ్‌లో ఆస్కార్ అందుకున్నవాడు. మొదట కుదరదన్నాడు. తరువాత దీపాలను పైనుంచి వేలాడదీసి, వేదికంతా సమానంగా వెలుగు పరిచాడు. 1951 అక్టోబర్ 15న ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది.

వాద్యకారుడైన భర్త వద్దంటున్నా రంగస్థలం ఎక్కాలని తహతహలాడే ఇల్లాలు లూసీ రికార్డో. ఇంటి యజమానురాలు ఎథెల్‌గా వివియన్ వాన్స్, ఆమె భర్తగా విలియం ఫ్రాలీ. ప్రతి వారం ఆ ఇల్లాలు ఏదో ఒక తంటా తెచ్చుకోవాల్సిందే. 1952 సెప్టెంబర్‌లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ కథ చూడండి. కదిలే పట్టీ మీద చాక్లెట్లు వస్తుంటాయి. లూసీ, ఎథెల్ కాగితాలు చుట్టాలి. వేగం పెరిగేకొద్దీ నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కుకుంటారు. నవ్వు ఆగదు. కానీ రెండోసారి చూసేటప్పుడు ఆమె కళ్లనే చూడండి. చేతులు ఎంత కంగారు పడుతున్నా కళ్లలో భయం ఒక్కో మెట్టూ ఎక్కుతుంది, ఎక్కడా ముందే ఎక్కేయదు. అదే కథలో పక్కన చాక్లెట్లు ముంచే పాత్రకు నటిని కాకుండా, నిజంగా ఆ పని చేసే మహిళనే తెచ్చారు. నటన తెలియని ఆమె చెంపదెబ్బ గట్టిగానే కొట్టేసింది. లూసిల్ సన్నివేశం వదల్లేదు.

జెస్ ఒపెన్‌హైమర్, మాడలిన్ ప్యూ, బాబ్ క్యారల్ రాసిచ్చినదాన్ని ఆమె పొల్లుపోకుండా సాధన చేసేది. ఆమెను పుట్టుకతో వచ్చిన హాస్యనటి అని పొగిడేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ పొగడ్త పద్దెనిమిదేళ్ల చిన్న వేషాలనూ, కీటన్ పాఠాలనూ, సెట్ మీద తోటివాళ్లను సతాయించిన ఆ పట్టుదలనూ చెరిపేస్తుంది.

1952లో ఆమె మళ్లీ గర్భవతి. ఇక కార్యక్రమం ఆగిపోతుందని అందరూ అనుకుంటే, లూసీ రికార్డోకూ కడుపు అని రాయించారు. టీవీలో నిండు చూలాలు కనిపించడం ఆనాటి మర్యాదకు మింగుడుపడని సంగతి. గర్భం అన్న మాట సంభాషణల్లో రాకూడదన్నారు. ముగ్గురు మతపెద్దలు స్క్రిప్టులు చదివి అభ్యంతరం లేదన్నాక చిత్రీకరణ సాగింది. 1953 జనవరి 19న తెర మీద కొడుకు పుట్టాడు. ముందే తేదీ పెట్టుకున్న సిజేరియన్‌తో నిజంగానూ ఆ రోజే కొడుకు పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేయడాన్ని చూసింది 2 కోట్ల 90 లక్షల మంది.

ఆ ఏడాదే తాతయ్య తెచ్చిన ఆపద బయటపడింది. ఆయన సోషలిస్టు. ముసలాయన మనసు నొప్పించలేక 1936లో ఆమె కమ్యూనిస్టు పార్టీ తరఫున ఓటరుగా పేరు నమోదు చేయించుకుంది. ఆ ఒక్క సంతకంతో ఎందరి బతుకులో కూలిపోతున్న రోజులవి. కమ్యూనిస్టులను వెతుకుతున్న విచారణ సంఘం ముందు ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. చిత్రీకరణకు ముందు డెసి ప్రేక్షకుల ఎదుట నిలబడి, నా భార్యలో ఎరుపు ఆ జుట్టొక్కటే, అదీ అసలు రంగు కాదని నవ్వించాడు. జనం ఆమె పక్షాన నిలిచారు.

ఆరేళ్లలో నాలుగేళ్లు దేశంలో మొదటి స్థానం. 1957లో ఆ స్థానంలో ఉండగానే ధారావాహికను ఆపారు. ఎవరికీ అక్కర్లేదనుకున్న పాత ఎపిసోడ్ల హక్కులను సి.బి.ఎస్. సుమారు 50 లక్షల డాలర్లు పెట్టి వెనక్కి కొనుక్కుంది. అదే ఏడాది చివర డెసిలూ 60 లక్షల డాలర్లకు పైగా పెట్టి ఆర్.కె.ఓ. స్టూడియోను కొన్నది. వారానికి 50 డాలర్లకు చేరిన చోటికి ఆమె యజమానురాలైంది.

కాపురం మాత్రం నిలవలేదు. డెసి తాగుడు, తిరుగుళ్లు ఆమె సహనాన్ని కరిగించాయి. 1960 మార్చిలో ఇద్దరూ కలిసి చివరి కార్యక్రమం తీసిన మర్నాడే విడాకులకు దరఖాస్తు చేసింది. అయినా ఫిల్మ్ హక్కుల ముందుచూపు డెసిదేనని చెప్పకపోతే అన్యాయం. 1962లో అతడి వాటా కొని, ఆమె డెసిలూ అధ్యక్షురాలైంది. అంత పెద్ద టీవీ స్టూడియోను అమెరికాలో ఒక మహిళ నడపడం అదే మొదలు. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాసిబుల్’ ఆ నీడలోనే మొదలయ్యాయి. అంతరిక్షం కథకు అంత ఖర్చేమిటని సొంత బోర్డు అడ్డుపడినా ఆమె వెనక్కి తగ్గలేదు. 1967లో గల్ఫ్ అండ్ వెస్ట్రన్‌కు కోటీ 70 లక్షల డాలర్లకు కంపెనీని అమ్మేసింది.

‘ద లూసీ షో’, ‘హియర్స్ లూసీ’ కలిపి మరో పన్నెండేళ్లు ఇంటింటా కనిపించింది. సినిమా మాత్రం చివరిదాకా ఆమెతో దాగుడుమూతలాడింది. 1968లో హెన్రీ ఫోండాతో చేసిన ‘యువర్స్, మైన్ అండ్ అవర్స్’ బాగా ఆడింది. 1974లో ‘మేమ్’ దెబ్బతిన్నది. 1985లో ‘స్టోన్ పిల్లో’ అనే టీవీ చిత్రంలో ఇల్లూవాకిలీ లేని ముసలామెగా నటించింది. మరుసటేడు ‘లైఫ్ విత్ లూసీ’ ఎనిమిది వారాలకే ఆగిపోయింది. డెబ్భై అయిదేళ్ల మనిషి చేత నలభై ఏళ్ల నాటి కుప్పిగంతులే వేయించారు. ఆ వయసుకు తగిన హాస్యాన్ని రాసేవాళ్లు ఆమెకు దొరకకపోవడం ఘోరమైన నష్టం. 1989 ఏప్రిల్ 26న లాస్ ఏంజెలిస్‌లో, గుండె ఆపరేషన్ జరిగిన కొద్ది రోజులకు ఆమె కన్నుమూసింది.

ఆమెను ఇంతవరకు చూడనివాళ్లు ముందు చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్ చూడండి. తరువాత ‘స్టేజ్ డోర్’ చూడండి. నటీమణుల వసతిగృహంలో నలుగురి మధ్య కూర్చుని చురకలు వేసే ఆ పొడవాటి అమ్మాయిని ఏ స్టూడియో పెద్దా సరిగ్గా చూడలేదు. మీరు చూడండి.