పది ప్రశ్నల కాగితం

2011లో మాకు అమ్మాయి పుట్టింది. మా అత్తగారు మూడు నెలలుండి ఇండియా వెళ్ళిపోయాక మా ఆవిడ ఊరికే ఏడ్చేది, పాపను ఎత్తుకోబుద్ధి కావడం లేదనేది. “బంగారంలాంటి బిడ్డ పుడితే ఏడుపెందుకు?” అన్నాను. రోజంతా ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే నాకు ఇంట్లో జబ్బు కనపడలేదు. పాప నాలుగో నెల పరీక్షకు వెళ్తే, డాక్టరుగారు తల్లికి పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. అందులో జబ్బు బయటపడింది.

ఆ కాగితం చరిత్ర తర్వాత చదివాను. బాలింతల మానసిక వ్యాధులపై పారిస్ వైద్యుడు లూయీ విక్టర్ మార్సే 1858లోనే గ్రంథం రాశాడు. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకిచ్చిన నివేదికలో, బిడ్డ మనసు ఎదగడానికి తల్లితో అనుబంధం ముఖ్యమన్నాడు. మరి ఆ తల్లి మనసు మాటేమిటి? అది అడిగే ప్రశ్నలను స్కాట్లండులో జాన్ కాక్స్, జెన్నీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ తయారుచేసి 1987లో ప్రకటించారు. అదే ‘ఎడింబరా స్కేలు’. గత ఏడు రోజుల్లో నవ్వగలిగారా, నిద్ర పట్టిందా, ఏడుపొచ్చిందా అని అడుగుతుంది.

చికిత్సతో మా ఆవిడ కోలుకుంది, పాపకు దగ్గరైంది. మనం బాలింతకు పథ్యం పెడతాం, సాంబ్రాణి పొగ వేస్తాం. మనసెలా ఉందని మాత్రం అడగం. ఈ సభల్లో చంటిబిడ్డ తల్లి కనిపిస్తే, బిడ్డను ముద్దాడాక ఆమెనూ ఆ మాట అడగండి. నేను అడగలేదు.