అసెంబ్లర్ రెండుమార్లు ఎందుకు చదువుతుంది? – తెలుగునాట కంప్యూటర్ విద్యాచరిత్రలో ఒక పార్శ్వం

ఉపోద్ఘాతం

కంప్యూటర్ చరిత్రను యంత్రాల పేర్లతో, వాటి వేగంతో వ్రాయడం పరిపాటి. ఆ యంత్రాల ముందు కూర్చున్నవారు ఏ పద్ధతిని ఎలా అలవరచుకున్నారన్న ప్రశ్న అందులో మరుగున పడుతుంది. అసెంబ్లర్ ఒకే ప్రోగ్రామును ఒకటికంటె ఎక్కువమార్లు చదవడం, అనగా పలు 'పాస్'లు నడపడం, ఇందుకు తగిన ఉదాహరణ. ఈ పద్ధతికి మూలమైన కారణాలు కాలానుగుణంగా మారాయనీ, ఆ చరిత్రకు విశాఖపట్నం వంటి విద్యాకేంద్రాలలోని విద్యార్థుల ప్రయోగ పుస్తకాలు కూడా ఆధారాలేననీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సమస్య స్వరూపం

1949లో కేంబ్రిడ్జిలోని ఎడ్సాక్ యంత్రానికి డేవిడ్ వీలర్ రచించిన 'ఇనిషియల్ ఆర్డర్స్' అక్షరరూపంలోని ఆదేశాలను ద్విసంఖ్యా రూపానికి మార్చాయి. వాటి తొలి రూపంలో జంప్ ఆదేశం చేరవలసిన చిరునామాను ప్రోగ్రామరే లెక్కించుకోవాలి. నడుమ ఒక్క ఆదేశం చేరినా దిగువనున్నవన్నీ జరుగుతాయి, వాటిని సూచించే సంఖ్యలన్నీ తప్పుతాయి. చిరునామాకు బదులు పేరు, అనగా లేబుల్, వాడడంతో ఈ శ్రమ తగ్గింది. అయితే ఇంకా నిర్వచింపబడని లేబుల్‌కు జంప్ చేయమన్నప్పుడు అసెంబ్లర్ ఏ సంఖ్య వ్రాయాలి? మొదటి పాస్‌లో ప్రతి లేబుల్ చిరునామాను పట్టికలో చేర్చి, రెండవ పాస్‌లో ఆ పట్టిక సాయంతో కోడ్‌ను పూర్తి చేయడమే పరిష్కారమైంది.

కాగితపు టేపు కాలం

1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్‌కు తెలుగువాడైన అయ్యగారి సాంబశివరావు సారథ్యం వహించారు. ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల టీడీసీ-12 కంప్యూటర్‌ను ఆ సంస్థ ఉత్పత్తి చేసింది. అదే పదప్రమాణం గల అమెరికన్ యంత్రం పీడీపీ-8 (1965) ప్రాథమిక స్మృతి 4096 పదాలే. దాని 'పాల్-3' అసెంబ్లర్‌లో మూల ప్రోగ్రాము టేపును మొదట పట్టిక కోసం, మరల యంత్రభాష టేపు కోసం, ముద్రిత ప్రతి కావాలంటే మూడవమారు చదివించాలి. ప్రోగ్రామంతా ఇమిడే చోటు స్మృతిలో లేనందున టేపే పునఃపఠనానికి ఆధారమైంది. ఇక్కడ పాస్‌కు కారణం పేదరికం: స్మృతి లేమి.

ప్రయోగశాలలో చేతి లెక్క

1976లో వెలువడిన ఇంటెల్ 8085 మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలకు చేరినప్పుడు విద్యార్థులకు సాధారణంగా లభించినది ఏకబోర్డు కిట్. అందులో చిన్న కీబోర్డు, అంకెల తెర ఉంటాయి, అసెంబ్లర్ ఉండదు. కనుక విద్యార్థే అసెంబ్లర్. 8000 చిరునామా వద్ద రెండు బైట్ల 'ఎంవీఐ' ఆదేశం ఉన్నదనుకుందాం. 8002 వద్ద ఒక బైటు 'డీసీఆర్', దానికి 'లూప్' అన్న లేబుల్. 8003 వద్ద 'జేజెడ్ ఎండ్'. 'ఎండ్' ఎక్కడుందో ఇంకా తెలియదు. అయినా ఈ ఆదేశం మూడు బైట్లని తెలుసు. కాబట్టి రెండు గడులు ఖాళీగా విడిచి, 8006 వద్ద 'జేఎంపీ లూప్' వ్రాస్తారు. 8009 వద్ద 'ఎండ్' తేలుతుంది. వెనుకకు మరలి ఖాళీలలో 09, 80 పూరిస్తారు. ఇది అక్షరాలా రెండు పాస్‌ల విధానమే.

పొడవు మారే ఆదేశాలు

8085లో ప్రతి ఆదేశం పొడవు ముందే నిశ్చితం. అందుకే రెండు పాస్‌లు చాలు. 1978లో వచ్చిన 8086లో దగ్గరి జంప్ రెండు బైట్లు, అంతకు మించినది మూడు బైట్లు. దూరం తెలియనిదే పొడవు తెలియదు, పొడవు తెలియనిదే దూరం తెలియదు. ఈ అన్యోన్యాశ్రయాన్ని థామస్ షిమాన్‌స్కీ అదే సంవత్సరం విశ్లేషించారు. మొదట అన్నిటినీ పొట్టివిగా భావించి, చాలనివాటిని పొడిగించి, మరల లెక్కించాలి. పొడిగించినదాన్ని తిరిగి కుదించకపోవడం వల్ల ఈ ఆవృత్తి తప్పక ముగుస్తుంది. ఇక్కడ పాస్‌కు కారణం స్మృతి లేమి కాదు, ఆదేశాల పరస్పరాధీనత.

ముగింపు

1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం విశాఖ చరిత్రలో నమోదైనవే. పరీక్ష కోసం శుభ్రంగా వ్రాసిన ప్రయోగశాల రికార్డులలో రెండవ పాస్ జాడ కనిపించదు. చిరునామాలన్నీ ఒకేమారు పుట్టినట్లుంటాయి. ఖాళీలు, కొట్టివేతలు, పెన్సిల్ దిద్దుబాట్లు చిత్తు పుస్తకాలలోనే మిగులుతాయి. చదువు ముగియగానే ముందు తూకానికి పోయేవి అవే. తెలుగునాట ఒక తరం యంత్రభాషను ఎలా ఆలోచించిందో చెప్పగల ప్రత్యక్ష సాక్ష్యాలు కనుక, వాటిని సేకరించి భద్రపరచడం విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఆలస్యం చేయరాని పని.