గాంధీజీ అడిగిన ప్రశ్న, అండమాన్ ఇచ్చిన జవాబు

దక్షిణ అండమాన్ దీవి పడమటి తీరాన వండూర్ అనే చిన్న ఊరుంది. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు వెళ్లే యాత్రికులు అక్కడే పడవ ఎక్కుతారు. ఆ తీరాన్ని ఆనుకొని సముద్రాన్నీ చిన్న చిన్న దీవులనూ కలుపుతూ 281.5 చదరపు కిలోమీటర్ల మేర 1983లో ఒక జాతీయ ఉద్యానాన్ని ఏర్పాటు చేసి దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు. గాంధీజీ అండమాన్ నేల మీద ఎన్నడూ అడుగుపెట్టలేదు. వండూర్ నుంచి పాతిక, ముప్పై కిలోమీటర్లు ప్రయాణిస్తే, 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ వస్తుంది. అక్కడి విమానాశ్రయానిది వీర సావర్కర్ పేరు. ఆ ఊరిలోనే సెల్యులర్ జైలు ఉంది. గాంధీ మార్గాన్ని ఒప్పుకోని అనేకమంది దేశభక్తులు అందులోనే మగ్గిపోయారు.

ఒకే దీవి మీద ఇలా పక్కపక్కన నిలిచిన పేర్లు నేటి రాజకీయాల్లో మాత్రం పక్కపక్కన నిలవడం లేదు. సెల్యులర్ జైలు ఆవరణలోని సావర్కర్ సూక్తుల ఫలకాన్ని తొలగించారని 2004లో పార్లమెంటు స్తంభించింది. గాంధీజీ సలహా మీదనే సావర్కర్ క్షమాభిక్ష అర్జీ పెట్టుకున్నారని 2021 అక్టోబరులో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ అనగానే మరో వివాదం రేగింది. తొలి అర్జీ 1911 నాటిదనీ, అప్పుడు గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉన్నారనీ ఒక పక్షం చెప్పింది. 1920 జనవరిలో సావర్కర్ సోదరుడికి గాంధీజీ రాసిన ఉత్తరాన్ని మరో పక్షం చూపింది. రెండూ నిజాలే. సావర్కర్ సోదరుల ఆలోచనలతో తనకు ఏకీభావం లేకున్నా వారిని విడుదల చేయాలని గాంధీజీ 1920 మే 26న ‘యంగ్ ఇండియా’లో బాహాటంగా రాశారు. ఇదీ నిజమే. ఎవరికి అవసరమైన నిజం వారి చేతిలో ఉంది. అవతలివాడి చేతిలో ఉన్నదాన్ని చూడవలసిన పని ఎవరికీ కనిపించలేదు.

ప్రత్యర్థిని ఎలా చదవాలి, ఎలా అడగాలి, అతడి జవాబును ఎంతవరకు స్వీకరించాలి అన్న ప్రశ్నలకు అండమాన్ చరిత్రలోనే ఒక సమాధానం ఉంది. ఆ కథ 1937లో ముగింపుకు వచ్చింది. దాని మొదలు తెలుసుకోవాలంటే పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

1925 ఫిబ్రవరి 12 నాటి ‘యంగ్ ఇండియా’లో పేరు లేని ఒక ఉత్తరం అచ్చయింది. విప్లవకారుల గురించి గాంధీజీ చేసిన వ్యాఖ్యలు అన్యాయమైనవని ఆ ఉత్తరం నిలదీసింది. అది రాసింది శచీంద్రనాథ్ సన్యాల్ అని తర్వాత లోకానికి తెలిసింది. బనారస్ కుట్ర కేసులో అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి ‘బందీ జీవన్’ రాసిన మనిషి ఆయన. తనను విమర్శించిన ఆ ఉత్తరాన్ని గాంధీజీ తన పత్రికలోనే ప్రచురించి, దాని కిందనే జవాబు రాశారు. ఏ ఒక్క విషయంలోనూ రాజీ పడలేదు. విప్లవకారుల ధైర్యాన్నీ త్యాగాన్నీ కాదనలేదు. ఆ మార్గం దేశానికి మేలు చేయదన్న మాటనూ వదులుకోలేదు. అయితే పాఠకుడి ముందు రెండు వాదాలూ వాటి వాటి సొంత మాటల్లో నిలిచాయి. ప్రత్యర్థి ఏమన్నాడో గాంధీజీ నోట వినవలసిన అగత్యం ఎవరికీ లేకపోయింది. 1909లో ‘హింద్ స్వరాజ్’ రాసినప్పుడు కూడా ఆయన ఎంచుకున్నది పాఠకుడికీ సంపాదకుడికీ మధ్య సంభాషణ రూపమే. అందులో ప్రశ్నించే పాఠకుడు లండన్‌లో ఆయనకు ఎదురైన యువ విప్లవవాదులకు ప్రతినిధి అని చెప్పవచ్చు.

1930 నాటికి ఈ పద్ధతి చెదిరింది. 1929 డిసెంబరు 23న ఢిల్లీ సమీపంలో వైస్రాయ్ ఇర్విన్ ప్రయాణిస్తున్న రైలు కింద బాంబు పేలింది. కొద్ది రోజులకే లాహోర్ కాంగ్రెస్ ఆ చర్యను ఖండిస్తూ తీర్మానం చేసింది. ఆ తీర్మానం నెగ్గింది కేవలం 81 ఓట్ల ఆధిక్యంతో. 1930 జనవరి 2న గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో బాంబు ఆరాధనను విమర్శిస్తూ వ్యాసం రాశారు. హింస వల్ల సైనిక వ్యయం పెరగడం తప్ప ఫలితం లేదనీ, విదేశీ పాలకుడి మీద ఎత్తిన చేయి రేపు మన వారి మీదికే తిరుగుతుందనీ ఆయన వాదన. ఆ నెలలోనే, జనవరి 26 స్వాతంత్ర్య దినం నాటికి, హిందుస్థాన్ సోషలిస్ట్ రిపబ్లికన్ అసోసియేషన్ వారు భగవతీచరణ్ వోహ్రా రచించిన ‘బాంబు తత్త్వం’ అనే ప్రకటనను దేశమంతటా రహస్యంగా పంచిపెట్టారు.

ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఇద్దరూ ‘హింస’ అనే మాటనే వాడారు. కానీ ఆ మాటకు ఇద్దరూ ఇచ్చిన అర్థం ఒకటి కాదు. గాంధీజీ దృష్టిలో మనిషి మీద చేసే దాడి అంతా హింసే. వోహ్రా దృష్టిలో హింస అంటే అన్యాయం కోసం ప్రయోగించే బలం. న్యాయం కోసం ప్రయోగించేది వేరు. ఆత్మబలం ఒక్కటే చాలునా, దానికి భౌతిక బలం కూడా తోడు కావాలా అన్నదే అసలు ప్రశ్న అని ఆయన వాదించారు. వేదిక మీద నుంచి దర్శనమిచ్చినంత మాత్రాన ప్రజల మనసు తెలిసినట్టు కాదని గాంధీజీని ఎత్తిపొడిచారు. చంపారణ్, ఖేడా పల్లెల్లో ఆ రైతుల మధ్యనే బతికిన మనిషికి ఇది తగిలే మాట కాదు. అలాగే, సమత కోసం ప్రాణం పణంగా పెట్టిన యువకులను బాంబును ఆరాధించేవారు అనడమూ తగిలే మాట కాదు. వాదం పదునెక్కింది. పరస్పర పరిచయం తగ్గిపోయింది. వోహ్రా ఆ ఏడాది మే 28న రావీ నది ఒడ్డున బాంబును పరీక్షిస్తూ మరణించారు. 1931 మార్చి 23న భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీశారు. ఆ సంభాషణ మధ్యలోనే తెగిపోయింది.

దాన్ని మళ్లీ అందుకున్నది అండమాన్. చిట్టగాంగ్ ఆయుధాగార దాడి తర్వాత 1932 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం రాజకీయ ఖైదీలను తిరిగి సెల్యులర్ జైలుకు పంపసాగింది. వారిలో అత్యధికులు బెంగాలీలు. లాహోర్ కుట్ర కేసు ఖైదీలు కూడా అక్కడికే చేరారు. తెలుగువారికీ ఆ చెరసాల కొత్త కాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించినవారే. ఆయనే 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారీ అండమాన్ చూసినవారే. లాహోర్ కేసు ఖైదీ విజయకుమార్ సిన్హా అండమాన్ జైలు జీవితం గురించి 1939లో పుస్తకం ప్రచురించారు. తర్వాతి కాలంలో ఆయన హైదరాబాదులో స్థిరపడ్డారు.

1933 మేలో ఖైదీలు నిరాహారదీక్ష పట్టారు. బలవంతంగా పాలు పట్టించబోగా మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయారు. ఆ త్యాగానికి దక్కిన ఫలితాల్లో పుస్తకాలు, పత్రికలు చదువుకునే వెసులుబాటు ఒకటి. జైలు ఒక పాఠశాలగా మారింది. చరిత్ర, అర్థశాస్త్రం, మార్క్సిజం మీద తరగతులు నడిచాయి. చేతిరాత పత్రికలో వ్యాసాలు వెలువడ్డాయి. అనుశీలన్, జుగాంతర్ దళాల పాత వైరాలు కూడా అక్కడ చర్చకు వచ్చాయి. 1935లో ‘కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్’ పేరిట ఒక బృందం ఏర్పడింది. ఒక్కో అధికారిని కాల్చి చంపితే సామ్రాజ్యం కూలుతుందా, ప్రజలను సమీకరించకుండా విప్లవం సాధ్యమా అన్న ప్రశ్నలను ఆ యువకులు తమకు తాము వేసుకున్నారు. బయట ఉన్న దేశానికి ఈ మార్పు తెలియదు. వార్తాపత్రికల్లో వారు ఇంకా 1930 నాటి బాంబు మనుషులే.

1937 జులైలో ఆరు రాష్ట్రాల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. బెంగాల్‌లో మాత్రం ఫజ్లుల్ హక్ ప్రభుత్వం ఉంది. జులై 24న అండమాన్ ఖైదీలు మళ్లీ నిరాహారదీక్ష మొదలుపెట్టారు. రాజకీయ ఖైదీలందరి విడుదల, అండమాన్ నుంచి స్వదేశానికి తరలింపు, ఖైదీల తరగతి విషయంలో న్యాయం వారి డిమాండ్లు. ఆగస్టు 2న కలకత్తా టౌన్‌హాల్ సభకు రవీంద్రనాథ్ ఠాగూర్ అధ్యక్షత వహించి వారి పక్షాన మాట్లాడారు. సహాయ నిరాకరణ మీద, రాట్నం మీద, 1934 బీహారు భూకంపం మీద గాంధీజీతో అచ్చులోనే విభేదించిన కవి ఆయన. భూకంపం విషయంలో ఠాగూర్ రాసిన నిరసనను గాంధీజీ తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రచురించి జవాబు చెప్పారు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకే కోరికతో అండమాన్‌కు సందేశాలు పంపారు.

ఆగస్టు చివరి వారంలో గాంధీజీ పంపిన టెలిగ్రామ్ సారాంశం రెండు భాగాలు. మొదటిది విన్నపం: ఠాగూర్ మాటను, కాంగ్రెస్ కార్యవర్గం మాటను మన్నించి దీక్ష విరమించండి, మీ కోసం మేమంతా శాయశక్తులా ప్రయత్నిస్తాం. రెండోది ప్రశ్న: మీలో టెర్రరిజాన్ని నమ్మినవారు ఇప్పుడు దాన్ని నమ్మడం లేదనీ, అహింసే ఉత్తమ మార్గమని భావిస్తున్నారనీ నాకు హామీ ఇవ్వగలరా? ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో కూడా ఆయన చెప్పారు. ఖైదీలు హింసను వదిలేశారని కొందరు నాయకులు అంటున్నారు, కాదని మరికొందరు అంటున్నారు. అందుకే నేరుగా వారినే అడిగారు. ఆనాటి వాడుకలో టెర్రరిజం అంటే అధికారులపై వ్యక్తిగత దాడులు, హత్యలు. నేటి అర్థంతో ఆ మాటను చదివితే మరో అపార్థం పుడుతుంది.

ఆకలితో ఉన్న మనిషిని అలా అడగడం న్యాయమా అన్న ఆక్షేపణకు బలం ఉంది. దీక్షలో ఉన్నవారి చేత హామీ రాయించుకోవడం ఒత్తిడి కిందికే వస్తుంది. అయితే ఆ హామీని గాంధీజీ తన మద్దతుకు షరతుగా పెట్టలేదు. ఇస్తే నా పనికి తోడ్పడుతుంది అన్నారు. పైగా వచ్చిన జవాబు ఆకలి రాయించినది కాదని దాని మాటలే చెబుతాయి.

ఖైదీల ప్రతినిధులు ఇలా తెలియజేశారు: దేశమంతా మా కోర్కెలను చేపట్టిందన్న భరోసాతో దీక్ష నిలిపివేస్తున్నాం. టెర్రరిజం గురించి మా అభిప్రాయం చెప్పే అవకాశం ఇచ్చినందుకు సంతోషం. మాలో ఎన్నడైనా దాన్ని నమ్మినవారు ఇప్పుడు నమ్మడం లేదు. రాజకీయ ఆయుధంగా అది నిష్ఫలమనీ, దేశ లక్ష్యాన్ని వెనక్కి నెడుతుందనీ గ్రహించాం.

ఈ జవాబులో ఉన్నదెంత ముఖ్యమో లేనిదీ అంతే ముఖ్యం. గాంధీజీ రెండు సంగతులు అడిగారు. ఖైదీలు ఒకదానికే జవాబిచ్చారు. అహింస తమ సిద్ధాంతమని వారు అనలేదు. అనడం అబద్ధమయ్యేది. వారిలో అనేకులు అప్పటికే మార్క్సిస్టులు. విడుదలయ్యాక పలువురు కమ్యూనిస్టు పార్టీలో చేరి గాంధీజీని జీవితాంతం విమర్శించారు. తమకు నిజమైనంత వరకే వారు చెప్పారు. చెప్పనిదాన్ని గాంధీజీ లాగలేదు. నా రెండో ప్రశ్న ఏమైందని పేచీ పెట్టకుండా, వచ్చిన జవాబునే చేతపట్టుకొని బయలుదేరారు. అపార్థం తొలగడం వేరు, అభిప్రాయం కలవడం వేరు. మొదటిది జరగడానికి రెండోది అక్కరలేదని ఈ రెండు టెలిగ్రాములు రుజువు చేశాయి.

ఫలితం కూడా అలాగే పరిమితమైనది, నిజమైనది. సెప్టెంబరులో మొదలైన తరలింపు 1938 జనవరికి పూర్తయింది. ఆ తర్వాత సెల్యులర్ జైలు రాజకీయ ఖైదీలను బ్రిటిష్ పాలనలో మళ్లీ చూడలేదు. గాంధీజీ కలకత్తా వెళ్లి గవర్నర్ అండర్సన్‌తో, మంత్రులతో చర్చలు జరిపారు. రక్తపోటు తీవ్రమై అస్వస్థులయ్యారు కూడా. విచారణ లేకుండా నిర్బంధించిన వేయిమందికి పైగా బెంగాల్ యువకులు నవంబరులో విడుదలయ్యారు. శిక్షపడిన ఖైదీల విషయంలో మాత్రం బెంగాల్ ప్రభుత్వం కదలలేదు. 1939 జులైలో అలీపూర్, డమ్‌డమ్ జైళ్లలో మళ్లీ నిరాహారదీక్షలు జరిగాయి. ఈసారి గాంధీజీ వాటిని సమర్థించలేదు. గణేశ్ ఘోష్, అనంత సింగ్ వంటి చిట్టగాంగ్ యోధులు 1946 వరకు జైళ్లలోనే ఉన్నారు. అంటే శాయశక్తులా ప్రయత్నిస్తామన్న మాట నిలబడింది కానీ ఖైదీలు ఆశించినదంతా దక్కలేదు. ఈ లోటును దాచి కథను తీపి చేయడం ఆ ఖైదీలకు అన్యాయం.

నేటి రాజకీయ వాదాల్లో అవతలి పక్షం ఏమనుకుంటున్నదో మనకు దాని శత్రువుల ద్వారానే తెలుస్తున్నది. పదేళ్ల నాటి మాటను పట్టుకొని ఈనాటి మనిషిని తూకం వేస్తున్నాం. 1937లో కూడా కొందరు అలా అన్నారు, మరికొందరు ఇలా అన్నారు. ఆ రెండు వదంతుల్లో తనకు నచ్చినదాన్ని గాంధీజీ ఏరుకోలేదు. తన ప్రశ్నతో పాటు దాని కారణాన్నీ తంతి ద్వారా సముద్రం దాటించారు. అవతలివారు తమ తప్పు దిద్దుకున్న సంగతిని సిగ్గుపడకుండా చెప్పుకొనే మర్యాద ఆ ప్రశ్నలో ఉంది. తమ నమ్మకాన్ని అమ్ముకోకుండా జవాబిచ్చే నిజాయితీ వారిలో ఉంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ టెలిగ్రాములు రెండూ కాగితాలుగానే మిగిలేవి.