కృష్ణగిరికి రైలు నడిచిన కాలం



కృష్ణగిరికి ఎలా వెళ్తారని మన నాట్రంపల్లి పిల్లలను అడిగి చూడండి. బస్సులో అంటారు. ఒకప్పుడు తిరుపత్తూరు నుండి అక్కడికి రైలు నడిచేదని చెబితే నమ్మరు.

1876–78 నాటి కరువులో సేలం జిల్లా అల్లాడిపోయింది. తిరుపత్తూరు అప్పట్లో ఆ జిల్లాలోనిదే. ఉత్తర ఆర్కాటులో చేరినది 1911లో. కరువు సీమలకు ధాన్యం చేర్చుటకు రైలుమార్గాలు వేయవలెనని 1880లో కరువు కమిషన్ సూచించింది. ఆ కోవలోనిదే 1905లో తెరిచిన ఈ మార్గం. పొడవు సుమారు 25 మైళ్ళు. పట్టాల నడుమ ఎడం రెండున్నర అడుగులే. చెన్నపట్నం నుండి వచ్చే పెద్ద లైనుదో, ఐదున్నర. కనుక తిరుపత్తూరులో ప్రతి బస్తా దించి, వేరే బండికి ఎక్కించవలసిందే! ఖర్చు తగ్గునని వేసిన సన్నపట్టాలే పిదప భారమైనవని నా అభిప్రాయం. మోటారు లారీకి ఆ బాధ లేదు. అంగడి వాకిట ఎత్తి, మరో అంగడి వాకిట దించగలదు.

1936లో మార్గం మూతపడింది. 2004లో జిల్లా కేంద్రమైన కృష్ణగిరి పట్టణానికి నేటికీ రైలు లేదు.

2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయిన మన బడులలో, దొరికిన తెలుగు గంటలోనే ఈ పాఠం చెప్పండి. రెండున్నర, ఐదున్నర అనే మాటలు పిల్లల నోట తెలుగులో పలికించండి. ఆ బండిని ఎరిగినవారు నేడు తొంభై దాటి ఉంటారు. అట్టి అవ్వాతాతలు ఏ ఇంట ఉన్నా, ఈ వారమే అడిగి, వారి మాటల్లోనే వ్రాసుకొని రమ్మనండి.