తాకట్టు – తనఖా – ముద్దతు క్రయము

ఋణమునకు భూమిని హామీగా నుంచు పద్ధతి తెలుఁగుదేశమున మిగుల పురాతనము. దానిని దెలుపు మాటలు మాత్రము పలుభాషలనుండి వచ్చి చేరినవి. కుదువ దేశ్యము, ఆధి సంస్కృతము, తనఖా పారసీకము, ముద్దతు క్రయమునందు తొలిమాట అరబ్బీ, మలిమాట సంస్కృతము. ఇవి యన్నియు నొకయర్థమునే దెలుపునట్లు తోఁచును. కాని గడువు దాఁటిన పిదప భూమి యెవరిదను ప్రశ్నకు నన్నియు నొక్క సమాధానమునే యొసఁగవు. రైతుయొక్క జీవనాధార మీభేదముమీఁదనే నిలిచియుండెను.

ధర్మశాస్త్రములయందు కుదువసొమ్మునకు ఆధి యని పేరు. దాఁచియుంచఁదగినది గోప్యాధి, ఫలము ననుభవింపఁదగినది భోగ్యాధి. యాజ్ఞవల్క్యస్మృతి ననుసరించి, అప్పు వడ్డితోఁగూడి రెట్టింపైనను విడిపింపని యాధి ఋణికునకు దక్కదు. గడువు పెట్టిన యాధి గడువుతోనే పోవును. ఫలభోగ్యమైన యాధి మాత్ర మెన్నఁడును నశింపదు. ఋణదాత యెన్నియేండ్లు పంట దిన్నను, అసలు చెల్లించినంతనే భూమిని మఱల నొప్పగింపవలసినదే. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దమునఁ గేతన దాని ననుసరించి విజ్ఞానేశ్వరీయమును తెనిఁగించుటచే వ్యవహారధర్మములు తెలుఁగు పద్యములయందు నిలిచినవి.

పారసీకము రాజభాషయైన కాలమున దస్తావేజు, జప్తు, కిస్తు మున్నగు మాటలు వ్యవహారమునఁ బాదుకొనెను. తనఖా యనఁగా మొదట జీతము. జీతమునకై రాబడిమీఁద వ్రాసియిచ్చు నాజ్ఞకును నదియే పేరు. హిందీయందు నేఁటికిని జీతమను నర్థమే కలదు. తెలుఁగున మాత్రమది స్థిరాస్తిని హామీయుంచుట కే పేరైనది. సాధారణ తనఖాలో భూమి ఋణికునికడనే యుండును. బాకీ తీఱనిచో ఋణదాత న్యాయస్థానముద్వారా వేలము వేయింపవలెను. స్వాధీన తనఖాలో భూమి ఋణదాత చేతికిఁ బోవును. ఫలసాయము వడ్డిక్రింద చెల్లును. పూర్వపు భోగ్యాధి యిదియే.

ముద్దతు క్రయము వేఱు. రైతు 200 రూపాయలు పుచ్చుకొని, 5 ఏండ్లలోఁ జెల్లింపనిచో భూమి శుద్ధక్రయమైనట్లే యని వ్రాసియిచ్చుననుకొందము. గడువునకు మఱునాఁడు సొమ్ము దెచ్చినను భూమి వచ్చునా? మద్రాసు రాజధానినుండి పోయిన యొక వ్యాజ్యమున 1870లో ప్రీవీ కౌన్సిలు, పత్రమున వ్రాసినదే ప్రమాణమని తీర్పు చెప్పెను. కాలకృతాధి గడువుతో నశించునన్న స్మృతివాక్యమునకును నీతీర్పునకును ఫల మొక్కటియే.

1882 నాఁటి ఆస్తి బదలాయింపు చట్టము ఈస్థితిని మార్చెను. ముద్దతు క్రయమును నది తనఖాలలో నొకటిగాఁ బరిగణించెను. గడువు దాఁటినను, న్యాయస్థానము తుదితీర్పుచే హక్కును దీసివేయువఱకు బాకీ చెల్లించి భూమిని విడిపించుకొను నధికారము ఋణికునకుఁ గల్గెను. అయినను క్రయపత్ర మొకటియు, మఱల నమ్ముదునను కరారు వేఱొకటియు వ్రాయు వాడుక వివాదములకుఁ గారణమయ్యెను. 1929లో నాచట్టమును సవరించి, తిరిగి యిచ్చు షరతు క్రయపత్రమునందే యుండిననేగాని తనఖాగా నెంచఁగూడదని నిర్ణయించిరి. నాఁటినుండి రెండవ కాగితమును నమ్మికొన్న ఋణికునకు తనఖాదారుని రక్షణ లేదు. అతఁడు కరారులోని గడువునకుఁ గట్టుపడవలసినవాఁడే.

అసలునకు రెట్టింపు మించి రాఁబట్టఁగూడదను ప్రాచీనధర్మమును మాత్రము శాసనకర్తలు పూర్తిగా మఱవలేదు. 1938 నాఁటి మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, 1932 అక్టోబరు 1వ తేదీకిఁ బూర్వపు టప్పులలో, అసలునకు రెండింతలు చెల్లించిన వ్యవసాయదారుని బాకీ పూర్తిగాఁ దీఱినదనెను. నాఁడు మద్రాసు రాజధానిలోని తెలుఁగు జిల్లాలకును నది వర్తించెను.

కావున పాతదస్తావేజులను బరిశీలించువారు తనఖా, క్రయము అను శీర్షికలను మాత్రము చూచి యర్థము నిర్ణయింపరాదు. గడువు, స్వాధీనము, షరతు, వ్రాసిన సంవత్సరము – ఈ నాలుగింటిని గలిపి చదివినఁగాని భూమి యెవరిదైనదో తేలదు.