పలక నుంచి డిజిటల్ తెర దాకా: తరగతి గది నిర్వహణ సాధనాల చరిత్ర

1. పరిచయం

ఒక ఉపాధ్యాయుడు, ఎదురుగా నలభై మంది పిల్లలు. ప్రశ్న అడిగితే ఒకరు లేచి జవాబు చెబుతారు. మిగిలిన ముప్పై తొమ్మిది మందికి పాఠం అర్థమైందో లేదో తెలియదు. చేతిలో పని లేని పిల్లలు పక్కవారితో మాటల్లో పడతారు. అప్పుడు ఉపాధ్యాయుడు పాఠం ఆపి, అల్లరిని ఆపవలసి వస్తుంది. తరగతి గది నిర్వహణ అనగానే మనకు క్రమశిక్షణ గుర్తుకు వస్తుంది గాని, అసలు చిక్కు అంతకు ముందే, అందరికీ ఒకేసారి పని కల్పించడంలోనే ఉంది.

నేటి ఇంటరాక్టివ్ డిజిటల్ సాధనాలు ఈ చిక్కును తీర్చడానికే వచ్చాయి. విద్యార్థి ఇచ్చిన జవాబుకు వెంటనే స్పందించే సాధనాన్ని ఇంటరాక్టివ్ సాధనం అంటాం. ఈ సాధనాలు కొత్తవి కావచ్చు గాని, అవి చేసే పనులు పాతవే. ఆ పనులు ముఖ్యంగా రెండు. మొదటిది, అందరి నుంచీ జవాబు రాబట్టడం. రెండవది, పిల్లల ప్రవర్తనకు లెక్క కట్టడం. ఈ రెండు పనులు రెండు వందల ఏళ్ళకు పైగా పక్కపక్కనే ఎలా నడిచాయో ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. వీధిబడి: ఇసుక, అరచేతి గుర్తు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన రాజధాని పరిధిలోని బడుల వివరాలు పంపమని 1822లో కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వాటిలో ముఖ్యమైనది. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు అతడు లెక్క చెప్పాడు. వీటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. అంటే సగటున బడికి పన్నెండు, పదమూడు మంది పిల్లలన్నమాట.

ఈ బడుల్లో పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. రాసినది తప్పయితే చేత్తో చెరిపి మళ్ళీ రాసేవాడు. పిల్లలను స్థాయిని బట్టి జట్లుగా విభజించేవారు. చిన్న జట్లకు పెద్ద విద్యార్థులు చెప్పేవారు. పంతులు పై జట్టుకు తానే చెబుతూ, బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. ఎవరూ ఖాళీగా ఉండని ఏర్పాటు ఇది. చెప్పే విద్యార్థికి కూడా తన చదువు గట్టిపడుతుందని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

అదే నివేదికలో రెండవ పని కూడా కనిపిస్తుంది. ఉదయం అందరికన్నా ముందు బడికి వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవ వాడి చేతిలో సున్నా చుట్టేవారు. అతడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవ వాడికి ఒక దెబ్బ, నాలుగవ వాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కో దెబ్బ ఎక్కువ. చదవని వాడికి గుంజీలు, కోదండం వంటి శిక్షలు ఉండేవి. హాజరు పట్టిక, బహుమతి, శిక్ష అన్నీ ఒక్క అరచేతి మీదే సాగిన పద్ధతి ఇది.

3. మద్రాసు నుంచి లండనుకు

కాంప్‌బెల్ నివేదికకు మూడు దశాబ్దాల ముందే ఈ పద్ధతి ఒక పరదేశి కంటపడింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల కోసం 1789లో ఏర్పడిన అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ పర్యవేక్షకుడు. స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన ఆశ్రమంలోనూ అదే ప్రవేశపెట్టాడు. ఉపాధ్యాయులు ఒప్పుకోకపోవడంతో పెద్ద పిల్లలకే బోధన అప్పగించాడు. 1797లో లండనులో ప్రచురించిన అతని నివేదిక ద్వారా ఇది ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధి చెందింది.

ఇంచుమించు అదే కాలంలో, 1798లో, జోసెఫ్ లాంకాస్టర్ లండనులో పేదపిల్లలకు బడి పెట్టాడు. అతని పద్ధతిలో వందలాది పిల్లలు ఒకే హాలులో కూర్చునేవారు. చెప్పిన మాటను అందరూ పలకల మీద రాసేవారు. సంకేతం ఇవ్వగానే పలకలన్నీ ఒకేసారి పైకి లేచేవి. ఎవరు తప్పు రాశారో మానిటర్‌కు ఒక్క చూపులో తెలిసిపోయేది. నేటి డిజిటల్ క్విజ్ చేసేది సరిగ్గా ఈ పనే.

లాంకాస్టర్ లెక్క కట్టడంలోనూ ముందున్నాడు. బాగా చదివిన వారికి టిక్కెట్లు ఇచ్చి, వాటికి బదులు బహుమతులు ఇచ్చేవాడు. తప్పు చేసిన వారి మెడకు కొయ్యదుంగ కట్టడం, బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీయడం వంటి శిక్షలు విధించేవాడు. దెబ్బల స్థానంలో అవమానం వచ్చింది. అవమానం పనిచేయాలంటే అది నలుగురి ముందు జరగాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీని అవసరం ముందు వస్తుంది.

4. యంత్రం, కంప్యూటరు

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సిడ్నీ ప్రెస్సీ 1920ల్లో ఒక పరీక్షా యంత్రం తయారుచేశాడు. విద్యార్థి నాలుగు మీటల్లో ఒకటి నొక్కాలి. ఒక అమరికలో, సరైన మీట నొక్కేదాకా తరువాతి ప్రశ్న వచ్చేది కాదు. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కూతురి లెక్కల తరగతికి వెళ్ళినప్పుడు రెండు లోపాలు గమనించాడు. పిల్లలందరూ ఒకే వేగంతో నడవాలి. చేసింది ఒప్పో తప్పో వెంటనే తెలియదు. మరుసటి ఏడాదే అతడు తన బోధనా యంత్రాన్ని ప్రదర్శించాడు.

1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ బృందం ‘ప్లేటో’ అనే కంప్యూటరు బోధనా వ్యవస్థను ప్రారంభించింది. మొదట ఒక్కరే వాడగలిగేవారు. 1972 నాటి ‘ప్లేటో-4’కు వేలితో తాకితే స్పందించే తెర కూడా వచ్చింది. ఇసుకలో దిద్దిన వేలు ఇప్పుడు గాజుతెరను తాకింది.

అయితే సాధనం వేరు, పద్ధతి వేరు. హార్వర్డ్ భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రశ్న వేసి, అందరి జవాబులూ తీసుకుని, విద్యార్థులను పక్కవారితో చర్చించమని, మళ్ళీ జవాబివ్వమని అడిగేవాడు. జవాబు చేతివేళ్ళతో చూపినా, అట్టముక్కతో చూపినా, ఎలక్ట్రానిక్ మీటతో పంపినా పద్ధతి ఒకటే.

5. భారతదేశ అనుభవం

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ ప్రయోగం ద్వారా ఉపగ్రహ టెలివిజన్ ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు చేరింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లల కోసం ఉదయం ప్రత్యేక కార్యక్రమాలు వచ్చేవి. కాని బొమ్మ ఒకవైపు నుంచే వచ్చేది. పిల్లవాడికి సందేహం వస్తే టెలివిజన్‌ను అడగలేడు. అందువల్ల పాఠం తరువాత తరగతిని నడిపే భారం ఉపాధ్యాయుని మీదే ఉండేది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ‘ఎడ్యుశాట్’ రెండువైపులా మాట్లాడే వీలు కల్పించింది.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్ళు అమర్చడం మొదలైంది. వీటి మీద బొమ్మలు, వీడియోలు, క్విజ్‌లు చూపవచ్చు. కాని గోడ మీది తెరను ఒకసారి తాకగలిగేది ఒకరో ఇద్దరో. మిగతావారు మళ్ళీ ప్రేక్షకులే. తెర మీద ప్రశ్న చూపి, జవాబును పలక మీద రాయించి ఒకేసారి ఎత్తమంటే ఈ లోపం తీరుతుంది. ‘ప్లికర్స్’ వంటి సాధనాల్లో పిల్లల చేతికి అచ్చువేసిన కార్డులు ఇస్తే చాలు, ఉపాధ్యాయుని ఫోన్ ఒక్కటే వాటిని చదువుతుంది.

6. లెక్క ఎవరి కోసం?

2011లో వచ్చిన ‘క్లాస్‌డోజో’ వంటి సాధనాల్లో ఉపాధ్యాయుడు పిల్లల ప్రవర్తనకు పాయింట్లు వేయవచ్చు, తీసివేయవచ్చు. ఆ పట్టికను తరగతి అంతటికీ తెర మీద చూపవచ్చు కూడా. అలా చూపినప్పుడు అది బళ్ళారి బడిలోని సున్నాను, లాంకాస్టర్ బుట్టను గుర్తుకు తెస్తుంది. ఒక తేడా ఉంది. అరచేతిలోని గుర్తు సాయంత్రానికి చెరిగిపోతుంది. కంప్యూటరులో నమోదైనది అంత తేలికగా చెరగదు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు ఇంట్లో ఏ పని చేసి వచ్చాడో అరచేతి గుర్తు అడగలేదు, పాయింట్ల పట్టికా అడగదు. అది అడగవలసినది ఉపాధ్యాయుడే.

కాబట్టి ఏ సాధనాన్ని ఎంచుకునే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది అందరికీ పని కల్పిస్తుందా? జవాబు చూసి నేను పాఠాన్ని మార్చుకోగలనా? పిల్లల లెక్క ఎవరి కంట పడుతుంది?

7. సారాంశం

ఇసుక, పలక, మీట, తాకే తెర – ఇవన్నీ పిల్లలందరినీ ఒకేసారి పనిలో పెట్టడానికి చేసిన ప్రయత్నాలే. అరచేతి గుర్తు, టిక్కెట్లు, పాయింట్లు ప్రవర్తనను లెక్కించే ప్రయత్నాలు. మొదటి రకం సాధనం ఉపాధ్యాయునికి పిల్లవాడి గురించి తెలియని సంగతి చెబుతుంది. రెండవ రకం సాధనాన్ని జాగ్రత్తగా వాడకపోతే, పిల్లవాడి తప్పును ఊరందరికీ చెబుతుంది. కింది ప్రశ్నలు కూడా మొదటి రకం సాధనాలే. జవాబులు రాసి, పై భాగాలతో మీరే సరిచూసుకోండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. బళ్ళారి వీధిబడుల్లో ‘అందరికీ పని’ ఎలా సాధ్యమైంది?
2. లాంకాస్టర్ పలకలకు, నేటి డిజిటల్ క్విజ్‌కు గల పోలికను వివరించండి.
3. మీ ఊరి బడిలో ఒక తెర, నలభై పలకలు ఉంటే ఒక పాఠాన్ని ఎలా నడుపుతారు?